ఏడు వారాల కసరత్తు

నరసాపురంలో మా ఆయన తరఫు బంధువుల గృహప్రవేశం. పాలు పొంగించడం అయిపోయింది. హాల్లో పీటల మీద వ్రతం నడుస్తోంది. ఆడవాళ్ళమంతా వెనక గదిలో, కొత్త రంగుల వాసన మధ్య, చాపల మీద చేరి కబుర్లలో పడ్డాం. మా తోడికోడలు గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. వరసకి మాకు పిన్నత్తగారయ్యే పెద్దావిడ ఒకావిడ తాంబూలం ఇవ్వబోతూ, మా తోడికోడలి పొట్ట వైపు చూసి, "ఏమ్మా, మళ్ళీ విశేషమా?" అని అడిగింది. చెవిలో అడగాల్సిన మాట అది. కానీ ఆ పెద్దావిడకి చెవుడు, అందుకని గది మొత్తానికి వినపడేలా అడిగింది.

మా తోడికోడలికి అప్పటికి నలభై అయిదేళ్ళు దాటాయి. కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. "విశేషమేం లేదండి, మీ ఇంటి బూరెలు నాలుగు ఎక్కువ తిన్నానండి, అంతే" అని నవ్వేసింది. అందరం నవ్వాం. తిరుగు బస్సులో మాత్రం కిటికీ పక్కన కూర్చుని, కొంగు మొహం మీదకి లాక్కుని, పాలకొల్లు నుంచి రావులపాలెం దాకా ఏడుస్తూనే ఉంది. నేను పక్క సీట్లో చూడనట్టు కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాను. ఓదార్చేంత చనువు అప్పటికి మా మధ్య లేదు.

ఆ పొట్ట తగ్గించడానికి మేమిద్దరం వారం మొత్తానికి ఒక కసరత్తు పద్ధతి పెట్టుకున్నాం. ఆ సంగతే రాస్తున్నాను. ఆ పొట్టే చివరికి ఆవిడని తీసుకుపోయింది. ఏడాది తిరక్కుండానే పోయింది. ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఇక్కడినుంచి నేను చెప్పేవాటిలో సగం నవ్వొచ్చే సంగతులే. నవ్వండి, ఫర్వాలేదు. మేమూ తెగ నవ్వుకున్నాం. అంతలా నవ్వుకున్నామన్నదే ఇన్నేళ్ళయినా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

రాజమండ్రిలో మాది ఉమ్మడి ఇల్లు. అన్నదమ్ములిద్దరూ కలిసి రొయ్యల మేత వ్యాపారం చేసేవారు. అన్నగారి భార్య ఆవిడ, తమ్ముడి భార్యని నేను, మా ఇద్దరి మీదా అత్తగారు. పన్నెండేళ్ళు ఒకే వంటింట్లో మసిలాం. ఆవిడ నన్ను నువ్వు అనేది, నేను ఆవిడని అక్కా అని పిలిచి మీరు అనేదాన్ని. "అక్కా, పులుసులో ఉప్పు వేశారాండి?" "అక్కా, మీరు ముందు తినేయండి." మర్యాదకి లోటు లేదు. ఆ మర్యాద చాటున ఒకళ్ళనొకళ్ళం ఓర్చుకుంటూ బతికాం. కాఫీపొడి డబ్బా మూత ఆవిడ ఎంత గట్టిగా బిగించేదంటే, పొద్దున్నే దాంతో కుస్తీ పట్టలేక నాకు ఒళ్ళు మండిపోయేది. నన్ను సాధించడానికే అలా బిగిస్తోందని నా గట్టి నమ్మకం. నాకు కోపం ఎక్కువ, ఆవిడకి ఓర్పు ఎక్కువ అని బంధువుల్లో పేరు. వాళ్ళు ఓర్పనుకున్నది, ఆవిడకి మనసు విప్పి మాట్లాడే మనిషి దొరక్కపోవడమని నాకు తర్వాత తెలిసింది.

బస్సులో ఏడ్చిన మర్నాడు, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, నా మొహం చూడకుండా, "పొట్ట తగ్గడానికి ఏమైనా ఉంటాయా?" అని అడిగింది. నేను డిగ్రీ చదివాను. వారపత్రికల్లో ఆడవాళ్ళ పేజీలు ఒక్క ముక్క వదలకుండా చదువుతాను. మా ఇంట్లో ఇలాంటి వాటికి నేనే పెద్ద. అప్పటికే ఎక్కడో చదివి ఉన్నాను కాబట్టి గడగడా చెప్పేశాను. గుండెకి వేగంగా నడవాలి, దాన్ని కార్డియో అంటారు. కండకి బరువులు ఎత్తాలి. నడుముకీ పొట్టకీ పైలేట్స్ అని నేల మీద పడుకుని చేసేవి ఉంటాయి. వారంలో ఈ మూడూ కలిసి రావాలి, బరువులు వరసగా రెండు రోజులు పడకూడదు, ఒకరోజు విశ్రాంతి ఉండాలి. "సోమవారం మొదలెడదామండి" అన్నాను.

"సోమవారం నాకు ఉపవాసం కదా" అంది.

"పోనీ మంగళవారం."

"మంగళవారం పూట కొత్త పని ఎవరైనా మొదలెడతారా?"

బుధవారం మా బావగారు చెరువుల వాళ్ళని కలవడానికి భీమవరం వెళ్తారు, తెల్లారేసరికి క్యారేజీ సిద్ధం కావాలి. శుక్రవారం ఇల్లు కడగాలి, తలంటు, పూజ. శనివారం ఆవిడకీ మా అత్తగారికీ ఒంటిపూట భోజనం. ఆదివారం మగవాళ్ళు ఇంట్లో ఉంటారు, కోడో రొయ్యో వండాలి. దేవుళ్ళూ మొగుళ్ళూ పంచుకోగా మా ఒంటికి మిగిలింది గురువారం ఒక్కటే. ఆ మాటే పైకి అన్నాను. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ వదిలేసి పడీ పడీ నవ్వింది. పన్నెండేళ్ళలో నా మాటకి ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

నాకు పట్టుదల వచ్చింది. దేవుళ్ళని కదపడం మనవల్ల కాదు కాబట్టి కసరత్తులనే వాళ్ళ వారాలకి సర్దాను. సోమవారం ఉపవాసం గనక ఒట్టి నడక. మంగళవారం బరువులు. మొదలెట్టింది సోమవారం కాబట్టి మంగళవారం చేసేది కొత్త పని కిందకి రాదని వాదించి ఒప్పించాను. బుధవారం క్యారేజీ పంపించాక నడక. గురువారం నడకతోపాటు పైలేట్స్ కూడా. శుక్రవారం బిందెలతో నీళ్ళు మోసి, వాకిలి నుంచి పెరడు దాకా కడిగి, వంగి ముగ్గులు వేస్తే అదే కండకి కసరత్తు, విడిగా ఏమీ అక్కర్లేదు. శనివారం కడుపు ఖాళీగా ఉంటుంది గనక పడుకుని చేసే పైలేట్స్. ఆదివారం విశ్రాంతి, రొయ్యల ఇగురు. మా ఆయన ఇదంతా విని, "ఏడు వారాల నగలు విన్నాం గానీ, ఏడు వారాల కసరత్తు ఇప్పుడే వింటున్నాం" అన్నారు. ఇంట్లో దానికి ఆ పేరే ఖాయమైపోయింది.

పైలేట్స్ నేర్పేవాళ్ళు మాకు తెలిసి ఊళ్ళో ఎవరూ లేరు. మా ఆయన హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక సీడీ తెచ్చారు. అట్ట మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని మా బావగారు, "పైలట్సా? విమానాలు నడుపుతారా ఏంటి ఇద్దరూ?" అన్నారు. అందులో ఒక తెల్లమ్మాయి ఒంటికి అతుక్కుపోయిన బట్టల్లో చాప మీద పడుకుని, కాళ్ళు గాల్లోకి ఎత్తి, చేతులు టపటపా ఆడిస్తూ వంద దాకా లెక్కపెడుతుంది. మధ్యాహ్నం మగవాళ్ళు గోడౌనుకి వెళ్ళాక, హాల్లో తలుపులు వేసుకుని, పడక్కుర్చీ పక్కకి జరిపి టీవీ ముందు చాపలు పరుచుకునేవాళ్ళం. మా అత్తగారు మొదటిరోజు ఆ పిల్లని చూసి, "దానికి చలెయ్యదా అమ్మా?" అని అడిగారు. కొన్నాళ్ళకి లెక్క ఆవిడే పెట్టడం మొదలెట్టారు. పక్కన కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటూ "ముప్పై, ముప్పై ఒకటి" అంటూ, మధ్యలో వీధిలోంచి ఎవరైనా పిలిస్తే లెక్క మర్చిపోయి మళ్ళీ ఇరవై నుంచి ఎత్తుకునేవారు. ఆవిడ వంద అనేదాకా మేం కాళ్ళు దించడానికి లేదు.

సీడీలో పిల్ల చెప్పే మాటలు నేను అక్కకి తెలుగులో చెప్పేదాన్ని. "బొడ్డు లోపలికి లాగి వెన్నుకి అంటించాలట." అక్క కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టేది. "నా బొడ్డుకి వెన్ను దారి తెలియదే" అనేది. ఇంకోసారి, "లోపలికి పోవట్లేదే. ఏదో అడ్డం పడుతున్నట్టుంది" అంది. "అడ్డం పడుతున్నవి నరసాపురం బూరెలు" అన్నాను. అత్తగారు కూడా వత్తులు పక్కన పెట్టి నవ్వారు.

నడక గోదావరి గట్టు మీద. తెల్లవారుతూండగా పుష్కరఘాట్ దగ్గర మొదలెట్టి గట్టు వెంబడే వెళ్ళి వచ్చేవాళ్ళం. చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతున్నాయని అక్క చేత చుడీదార్ కొనిపించాను. ఆవిడ జీవితంలో అదే మొదటిది. తొలిరోజు దాని మీద చున్నీ, చున్నీ మీద శాలువా కప్పుకుని, కాళ్ళకి కాన్వాస్ బూట్లతో, ఏదో దొంగతనానికి బయల్దేరినట్టు వీధి చివరిదాకా తల దించుకుని నడిచింది. గట్టెక్కాక అక్కడ సగంమంది ఆడవాళ్ళు అలాగే ఉన్నారని చూసి శాలువా తీసి నా చేతిలో పెట్టింది.

వేగంగా నడుస్తూ మాట్లాడితే మొట్టమొదట పోయేది మర్యాద. "అక్కా, కాస్త తొందరగా నడవండి" అనడానికి ఊపిరి చాలదు. "నడు అక్కా" అనడానికే ఉంటుంది. అలా ఒక్కొక్క అండీ రాలిపోయి, కొన్నాళ్ళకి నేను ఆవిడని నువ్వు అనేస్తున్నాను. ఇంటికి రాగానే అత్తగారి ముందు మళ్ళీ మీరు. ఒకసారి వంటింట్లో నోరు జారి "నువ్వు తిన్నావా" అనేశాను. అత్తగారు తలెత్తి చూశారు. అక్క గిన్నెలు గట్టిగా చప్పుడు చేసి నన్ను కాపాడింది.

ఆ గట్టు మీద ఆవిడ ఎన్ని చెప్పిందో. ఆవిడ పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లె. చిన్నప్పటినుంచీ వీధి అరుగు మీద కూర్చుని లేసు అల్లిందట. ఏజెంటు ఇచ్చిన దారం, సూది, వంచిన మెడ, అంతే బాల్యం. పరిగెత్తిన గుర్తే లేదంది. సైకిలు నేర్చుకోవాలని ఉండేదట, ఆడపిల్లకి ఎందుకన్నారట. "ఇంత వేగంగా నడవడం నాకు పుట్టాక ఇదే మొదటిసారే" అని, పిల్లలాగా చేతులు ఊపుకుంటూ నాకన్నా నాలుగడుగులు ముందుకు పోయేది. ఒకరోజు నేను ధైర్యం చేసి కాఫీపొడి డబ్బా సంగతి అడిగేశాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు మూత సరిగ్గా పెట్టవు. గాలి తగిలితే పొడి గడ్డకడుతుంది. గడ్డకడితే అత్తయ్యగారు నిన్నంటారని రోజూ రాత్రి నేను బిగించేదాన్ని" అంది. పన్నెండేళ్ళు నేను ఆ డబ్బాని తిట్టుకున్నాను.

సొంత అక్కచెల్లెళ్ళు లేరు నాకు. పెళ్ళయి వచ్చిన ఇంట్లో, పక్కనే గరిట తిప్పుతూ నిలబడ్డ మనిషి నాకు అక్క అని తెలియడానికి పన్నెండేళ్ళూ ఒక పొట్టా కావాల్సి వచ్చాయి. అందుకే ఆ నడకని తిట్టుకోలేను, మెచ్చుకోలేను.

బరువులకి ముందు ఒక జిమ్ముకి వెళ్ళాం. పదకొండు నుంచి పన్నెండు దాకా ఆడవాళ్ళకని చెప్పారు. నాలుగు గోడలకీ అద్దాలే. ఎటు తిరిగినా తన పొట్టే కనపడుతోందని అక్క రెండో వారం నుంచి రానంది. ఇంట్లోనే పెద్ద కూల్‌డ్రింకు సీసాల్లో గోదావరి ఇసక నింపి చేతికొకటి పట్టుకున్నాం. గ్రైండరు కొన్న దగ్గర్నుంచి పెరట్లో ఊరికే పడున్న రుబ్బురోలు పొత్రాన్ని కూర్చుని లేచేటప్పుడు రెండు చేతులా గుండెకి హత్తుకునేవాళ్ళం. పొత్రాన్ని పసిపిల్లలా ఎత్తుకున్నామని మా అత్తగారు ఎగతాళి చేసేవారు.

వానాకాలం వెళ్ళేసరికి అక్క తగ్గింది. ముందు మొహం తగ్గింది. గడ్డం కింద వేలాడే కండ పోయి, ఎప్పటిదో పెళ్ళి ఫోటోలో మొహం బయటికొచ్చింది. తర్వాత భుజాలు, చేతులు. గాజులు మోచేతిదాకా జారేవి. జాకెట్లన్నీ టైలరుకి ఇచ్చి కుట్లు వేయించాం. గట్టు మీద రోజూ ఎదురయ్యే ఆడవాళ్ళు ఆగి మరీ అడిగేవారు. "బాగా తగ్గారండి. ఏం చేస్తున్నారండి?" అక్క నిలబడి ఓపిగ్గా వాళ్ళకి వారాలన్నీ వప్పజెప్పేది. "సోమవారం ఒట్టి నడకేనండి. మంగళవారం ఇసక సీసాలండి. గురువారం, శనివారం పైలేట్స్ అండి. అది పడుకుని చెయ్యాలండి. అంతా మా చెల్లెలు పెట్టిందండి." చెల్లెలంటే నేను. ఎప్పుడూ ఎవరికీ ఏదీ నేర్పని మనిషి ఊళ్ళో ఆడవాళ్ళకి కసరత్తు నేర్పుతోంది. ఆ పూట ఆవిడ మొహం చూస్తే నాకు కడుపు నిండిపోయేది.

పొట్ట ఒక్కటే తగ్గలేదు. జాకెట్లు వదులవుతున్నాయి, లంగా బొందు మాత్రం చాలడం లేదు. ముడి వేస్తే మిగిలే తాడు వారం వారం పొట్టిదవుతోంది. "ఇదేంటే, పైనా కిందా తగ్గి మధ్యలో ఆగిపోయాను" అని అక్క దిగులు పడింది. పొట్ట చివర్న తగ్గుతుందని, అది అందరికీ మొండికేస్తుందని నేను చదివాను. అదే చెప్పాను. వారాలన్నీ మళ్ళీ సర్దాను. మంగళవారం బరువులు తగ్గించి పైలేట్స్ పెట్టాను. బుధవారం కూడా పెట్టాను. సోమవారం ఉపవాసం ఉన్నా సరే, సాయంత్రం పలహారం అయ్యాక ఒక్క వంద చేస్తానని తనే అంది. ఒంట్లో మిగిలినదంతా కరిగిపోతూండగా మేమిద్దరం ఆ ఒక్క పొట్ట మీద పడ్డాం.

తిండి కూడా తగ్గిపోయింది. రెండు ముద్దలు తినేసరికి "కడుపు నిండిపోయిందే" అని చెయ్యి కడుక్కునేది. ఆదివారం రొయ్యల ఇగురు వాసన చూసి పక్కకి తిరిగేది. నోరు కట్టుకోవడం అలవాటైపోయిందని అందరం మెచ్చుకున్నాం. మా బావగారు నన్ను చూపించి, "మీ అక్కకి తిండి లేకుండా బతకడం నేర్పేశావమ్మా" అన్నారు. ఆయనా ఆ రోజు నవ్వుతూనే అన్నారు.

మా అత్తగారు ఒక్కరే నవ్వడం మానేశారు. లెక్కపెట్టడం కూడా మానేశారు. "పెద్దమ్మాయి చిక్కిపోతోంది. మెడ ఎముకలు తేలిపోయాయి. దానికి తిండి సయించడం లేదు" అని ఇంట్లో కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవారు. ఒళ్ళు చేస్తేనే ఆరోగ్యమనుకునే పాతకాలం మనిషని కొట్టిపారేశాం. అక్కే ఆవిడ్ని కూర్చోబెట్టి, "ఇప్పుడు ఇలా ఉంటేనే బాగున్నట్టండి అత్తయ్యగారూ" అని నచ్చజెప్పింది. అత్తగారు ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని మణికట్టు తడుముతూ కూర్చున్నారు.

చలి మొదలైంది. ఒక శనివారం మధ్యాహ్నం చాప మీద వెల్లకిలా పడుకున్న అక్క కాళ్ళు ఎత్తబోయి, దించేసి, లేచి కూర్చుంది. "పడుకుంటే ఊపిరాడట్లేదే" అంది. కూర్చుంటే ఆడుతోంది. మళ్ళీ పడుకుంది, మళ్ళీ లేచింది. గట్టు మీద మంచు పీల్చి జలుబు చేసిందనుకున్నాను. ఆవిడ దిండు నిలబెట్టి ఆనుకుని, "ఇవాళ్టికి నువ్వు చెయ్యి, నేను లెక్కపెడతాను" అంది. నేను పడుకుని కాళ్ళెత్తాను. అరవై దాటాక ఆవిడ గొంతు ఆగిపోయింది. చూస్తే, రెండు చేతులూ పక్కటెముకల మీద పెట్టుకుని గాలి కోసం చూస్తోంది. అప్పుడు భయం వేసింది నాకు.

మా వీధి చివర డాక్టరుగారు మా ఇంటిల్లిపాదికీ తెలిసినవారే. ఆయన అక్కని పక్కకి తిప్పి పడుకోబెట్టి, పొట్ట మీద ఒక చెయ్యి ఆనించి రెండో చేతి వేళ్ళతో తట్టి చూశారు. అటు తిప్పి మళ్ళీ తట్టారు. "ఇంతగా ఎలా తగ్గారమ్మా?" అన్నారు. అక్క నా వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు. నేను మొదలెట్టాను. సోమవారం నడక, మంగళవారం ముందు బరువులుండేవండి, ఇప్పుడు పైలేట్స్ పెట్టామండి. వారం మొత్తం చెప్పాను. ఆదివారం విశ్రాంతి దాకా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక, "మంచిదమ్మా" అని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, వెంటనే స్కానింగుకి వెళ్ళమన్నారు. మా బావగారికి ఆయనే ఫోను చేశారు.

పొట్టలో ఉన్నది కొవ్వు కాదు, నీరు. దాని వెనక అండాశయం దగ్గర గడ్డ. అది అప్పటికే పాకిపోయింది. నరసాపురంలో ఆ పెద్దావిడ అడిగేనాటికే అది లోపల ఉండి ఉంటుందని తర్వాత విశాఖపట్నంలో పెద్ద డాక్టరు అన్నారు. ఇది దాక్కునే జబ్బమ్మా, చాలామందికి ఇలాగే ఆఖర్న తెలుస్తుంది, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి అని కూడా అన్నారు. నేను తిట్టుకోలేదు. నా వల్లే జరిగిందని గుండెలు బాదుకునే తీరిక కూడా నాకు లేదు. నాకు ఆవిడ కావాలి. పన్నెండేళ్ళు పక్కన పెట్టుకుని పోగొట్టుకున్న మనిషి అప్పుడే కదా దొరికింది. దొరికిన మనిషిని తీసుకుపోతామంటే నా ఏడుపు దానికి. ఆ ఏడుపు ఇవాళ్టికీ ఆగలేదు, ఆగుతుందని నేను అనుకోను.

విశాఖపట్నం ఆసుపత్రిలో ఆవిడ దగ్గర నేనే ఉన్నాను. మగవాళ్ళు వరండాలో డాక్టర్లతో మాట్లాడి, మొహాలు కడుక్కుని లోపలికి వచ్చేవారు. "నీరు పట్టిందటే, తీసేస్తే సరిపోతుందట" అని మా బావగారు ఆవిడకి చెప్పారు. ఆవిడ తలూపింది. ఆయన కాఫీకి వెళ్ళాక నన్ను మంచం మీద కూర్చోమంది. "వాళ్ళు చెప్పరు. నువ్వు చెప్పు" అంది. నేను చెప్పేశాను. తిన్నగా చెప్పడం తప్ప నాకు ఇంకోటి రాదు. ఆవిడ కాసేపు నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. "అత్తయ్యగారికి మీరెవరూ చెప్పకండి. ఆవిడ తట్టుకోలేరు" అంది. కొడుకు పరీక్షలు అయ్యేదాకా వాడికీ చెప్పొద్దంది. తన గురించి ఏమీ అనలేదు. నేను అప్పుడు ఆవిడ మీద అరిచాను. నీకు కోపం రాదా, ఒక్కసారైనా తిట్టవా ఎవర్నైనా అని అరిచాను. "నువ్వున్నావుగా తిట్టడానికి" అంది.

ఆ మర్నాడు పొట్టలోకి సన్నటి గొట్టం పెట్టి నీరు తీశారు. సీసాల్లోకి పట్టారు. నేను అటు చూడకుండా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. అంతా అయ్యాక నర్సు వెళ్ళిపోయింది. అక్క నన్ను పిలిచి తలుపు వెయ్యమంది. దుప్పటి పక్కకి తీసి చూపించింది. పొట్ట చదునుగా ఉంది. చర్మం వదులుగా, ముడతలు పడి, మధ్యలో కట్టు. ఆవిడ తల కొంచెం ఎత్తి తనే చూసుకుంది. కాన్పు కాకముందు కూడా ఇంత చదునుగా లేనని అంది. ఊపిరి తేలిగ్గా ఆడుతోందంది. వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఊరికే గాలి పీల్చుకుంది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ పొట్ట పైకీ కిందకీ ఆడడం చూస్తున్నాను.

అప్పుడే మా ఆయన సెల్లు మోగింది. నా దగ్గరే పెట్టి వెళ్ళారు. ఇంటి నుంచి మా అత్తగారు. ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళకి వినపడదేమోనని ఆవిడకి ఎప్పుడూ అనుమానం, అందుకని గట్టిగా మాట్లాడతారు. మంచం మీద ఉన్న అక్కకి ప్రతి మాటా వినపడుతోంది.

"చిన్నమ్మాయ్, పెద్దమ్మాయికి ఎలా ఉందమ్మా? తగ్గిందా?"

ఎంతమందికి ఎన్ని సమాధానాలు చెప్పినదాన్ని, ఆ ఒక్క మాటకి నోరు తిరగలేదు. "చిన్నమ్మాయ్, వినపడుతోందా? తగ్గిందా అని అడుగుతున్నాను" అని ఆవిడ మళ్ళీ అడుగుతున్నారు. అక్క కళ్ళు తెరిచి నన్ను చూసింది. చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"నేనేనండి అత్తయ్యగారూ. తగ్గిందండి. పూర్తిగా తగ్గిపోయిందండి."

అటువైపునుంచి మా అత్తగారి ఏడుపూ నవ్వూ కలిసి వినపడ్డాయి. నాకు తెలుసమ్మా తగ్గుతుందని, శనివారం వెంకన్నకి కొబ్బరికాయ కొట్టిస్తాను, నువ్వు రాగానే తిండి మాత్రం నా చేత్తో నేనే పెడతాను, ఆ గంతులన్నీ ఇంక కట్టిపెట్టండి ఇద్దరూ అని ఒకటే మాటలు. అక్క ఊఁ కొడుతూ అన్నీ వింది. "అలాగేనండి. మీరు వేళకి మందులు వేసుకోండి" అని ఫోను నా చేతికిచ్చింది. దుప్పటి మళ్ళీ పొట్ట మీదకి లాక్కుంది.

"అబద్ధమేం చెప్పలేదు కదే" అంది.

లేదక్కా, అన్నాను.